చదివే పీట

నా చిన్నప్పుడు నేను ఒక పీట మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాను. అదేమంత గొప్ప పీట కాదు. ఒక కాలు కాస్త పొట్టిది, కూర్చుంటే టకటకమని ఊగేది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ వినపడేంత దగ్గరలో మా వాడకట్టు ఉండేది. మా ఇంటి వసారాలో మధ్యాహ్నం పూట ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు చేరి, చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. శుక్రవారం నాడు మాత్రం ఒకరు గడప పక్కనున్న ఆ పీట మీద కూర్చుని, వారపత్రికలో వచ్చే సీరియల్ పైకి చదవాలి. మిగతావాళ్ళు చేతులు ఆపకుండా వినాలి. అలా చదివే పని నాది, అందుకని పీటా నాదే.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి. నాన్నను బాపు అనేవాళ్ళం. బాపు, అన్న ఇద్దరూ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. బాపమ్మకు అక్షరం ముక్క రాదు గానీ కథలంటే చెవి కోసుకునేది. అన్న గురువారం సాయంత్రం డ్యూటీ దిగి, బస్టాండు దగ్గర పత్రిక కొని, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో వేసుకుని తెచ్చేవాడు. అప్పటికి ఆ వసారాలో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఐదో తరగతిలో ఉన్నాను, మా బడి మధ్యాహ్నానికే వదిలేసేవాళ్ళు.

చదువు వచ్చు అంటే మరీ అంత బాగా ఏమీ కాదు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, వరుస తప్పి చదివిందే మళ్ళీ చదువుతూ, ఒత్తులు కనిపిస్తే ఆగి గుటకలు మింగుతూ చదివేదాన్ని. నేను పేజీ తిప్పేలోగా వాళ్ళు ఆవులించి, చెమట తుడుచుకుని, ఇంటి సంగతులు రెండు మాట్లాడుకునేవాళ్ళు. పక్కింటి పెద్దమ్మ నవ్వుతూ అనేది, “పోరి సదువు చెరుకు బండి లెక్కనే ఉన్నదమ్మా. కాంటా కాడ ఆగిందంటే కదలదు.” అయినా నాకు కోపం వచ్చేది కాదు. ఎందుకంటే నేను చదవకపోతే వాళ్ళకు కథే లేదు. పైగా చదివినంతసేపూ బాపమ్మ నా పక్కన ఒక ఇత్తడి గిన్నె పెట్టేది. అందులో గనుపులు తీసి, తోలు చెక్కి, చిన్న చిన్న ముక్కలుగా కోసిన చెరకు ఉండేది. ఆ గిన్నె ఆ ఇంట్లో ఇంకెవరికీ పెట్టగా నేను చూడలేదు.

ఆ ఏడు చెరకు సీజన్ మొదలయ్యే ముందు అన్నకు పెళ్ళయింది. వదినది నిజామాబాద్. మా చర్చిలోనే పెళ్ళి జరిగింది. ఆమె హాస్టల్లో ఉండి ఎనిమిది దాకా చదువుకుందని బాపమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. కొత్త వదిన చేతి గాజులు, ఆమె తెచ్చుకున్న రేకు పెట్టె, పెట్టెలోని సబ్బు వాసన, అన్నీ నాకు నచ్చాయి. ఒక నెల దాకా ఆమె కొంగు పట్టుకునే తిరిగాను.

తర్వాత ఒక శుక్రవారం నాకు జ్వరం వచ్చింది. లోపల గదిలో గొంగడి కప్పుకుని పడుకున్నాను. కథ ఆగిపోతుందని బాపమ్మ గొణుగుతుంటే, వదిన తాను చదువుతానంది. పీట టకటకమని ఊగిన చప్పుడు లోపలికి వినిపించింది. ఆ తర్వాత ఆమె గొంతు వినిపించింది. ఎక్కడా ఆగలేదు. కథలో నర్సమ్మ మాట్లాడితే నర్సమ్మలా, డాక్టరు మాట్లాడితే డాక్టరులా చదివింది. ఆగాల్సిన చోట ఆగింది, కానీ అది తడబడి ఆగడం కాదు. నేను మూడు వారాలుగా ముక్కలు ముక్కలుగా చదివిన కథ ఇదేనా అనిపించింది. నాకే తెలియకుండా లేచి కూర్చుని విన్నాను. చివర్లో బయట పెద్దమ్మ గొంతు వినిపించింది. “గిట్ల సదివితే కదా, మనుషులు కండ్ల ముందట కనబడ్తరు.”

జ్వరం రెండు రోజుల్లో తగ్గింది గానీ పీట నాకు తిరిగి రాలేదు. పై శుక్రవారం నేను ముందుగానే వెళ్ళి కూర్చుంటే, “జర జరుగు బిడ్డా, వదిన సదువుతది” అంది బాపమ్మ. చాలా మామూలుగా అంది. నొప్పి పుట్టించాలని అన్న మాట కాదు, అందుకే ఇంకా నొప్పి పుట్టింది. ఇత్తడి గిన్నె వదిన పక్కకు పోయింది. దానికి తోడు, చదివే మనిషి ఆ పూట పని పోగొట్టుకుంటుంది కాబట్టి తలా ఒక పిడికెడు బీడీలు ఆమె చాటలో వేయడం నాకు ముందు చదివినామె నాటి నుంచీ ఆ వసారా పద్ధతి. నేను పిల్లను, బీడీలు చుట్టేదాన్ని కాదు, నాకు ఆ పద్ధతి ఎప్పుడూ వర్తించలేదు. ఇప్పుడు అందరూ వదిన చాటలో పిడికిళ్ళు గుమ్మరిస్తుంటే నా కడుపు మండిపోయింది.

దాచుకోవడం ఎందుకు, ఆ రెండు నెలలూ నేను అసూయతోనే అన్నం తిన్నాను, అసూయతోనే పడుకున్నాను. వదిన రొట్టె మాడితే సంతోషించేదాన్ని. ఆమె జడ వంకరగా ఉందని, నవ్వితే పన్ను కనిపిస్తుందని బడిలో స్నేహితురాళ్ళకు చెప్పేదాన్ని. ఆమె ఎప్పటిలాగే నా తల దువ్వి, రిబ్బన్లు కట్టి పంపించేది. ఆ రిబ్బన్లు వీధి మలుపు తిరగగానే విప్పి పుస్తకాల సంచిలో కుక్కేసుకునేదాన్ని.

ఒక వారం పంతం పట్టి బాపమ్మను బతిమాలాను. ఒక్క పేజీ చదవనిమ్మన్నాను. వదిన వెంటనే లేచి చోటిచ్చింది. ఆమెకంటే వేగంగా చదివితే చాలు, పీట నాదవుతుందనుకున్నాను. ఊపిరి బిగబట్టి పరుగెత్తాను. చిన్న మాటలు మింగేశాను, పెద్ద మాటలు సగంలో వదిలేశాను, వాక్యం అయిపోయినా ఆగలేదు. ఒక్కరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. “ఎవలు తరుముతున్నరే నిన్ను?” అంది పెద్దమ్మ. వసారా మొత్తం పగలబడి నవ్వింది. వదిన ఒక్కతే నవ్వలేదు, అది కూడా నాకు గర్వంలాగే కనిపించింది.

ఆ పై శుక్రవారం పొద్దున్న నాకొక రహస్యం దొరికింది. మొగవాళ్ళు డ్యూటీకి వెళ్ళిపోయారు, బాపమ్మ నీళ్ళకు వెళ్ళింది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి, నీళ్ళ పొయ్యి ముందు వదిన గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద వారపత్రిక ఉంది. వేలు వరుస కింద పెట్టి, గుసగుసగా చదువుతోంది. చదవడం కాదు, నాలాగే తడబడుతోంది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. అదే వరుస మూడుసార్లు, నాలుగుసార్లు. నేను తలుపు చాటున నిలబడి చూస్తూ సంతోషం పట్టలేకపోయాను. అంటే ఈమెకు కూడా చదువు అంతంతమాత్రమే. పొద్దున్న దొంగచాటుగా వల్లె వేసుకుని, మధ్యాహ్నం అప్పుడే చూసినట్టు చదివి అందరినీ మోసం చేస్తోంది. ఆ రోజు బడిలో నాకు ఒక్క పాఠం కూడా చెవికెక్కలేదు.

వచ్చే గురువారం కోసం కాచుకున్నాను. సాయంత్రం అన్న సైకిల్ దిగుతూ పత్రిక నా చేతికిచ్చి, వదినకు ఇవ్వమన్నాడు. మా ఇంట్లో ఓ మూలన ఎప్పుడూ తడి గోనెసంచి ఒకటి ఉండేది. బీడీలు చుట్టే తునికాకును నీళ్ళలో తడిపి, ఆకు మెత్తబడేందుకు అందులో చుట్టి పెట్టేవాళ్ళు. ఆ సంచి శనివారానికని పెట్టింది, శుక్రవారం ఎవరూ ముట్టుకోరు. పత్రికను ఆకుల మధ్యలోకి తోసి పైన గోనె కప్పేశాను. వదిన అడిగితే అన్న ఇంకా తేలేదని చెప్పాను. అన్నకు ఆ వారం డబుల్ డ్యూటీ పడి వెంటనే వెళ్ళిపోయాడు కాబట్టి నా అబద్ధం నిలబడింది. కాగితం తడుస్తుందన్న ఆలోచన నాకు రానే లేదు. అంత తెలివైనదాన్ని.

శుక్రవారం బడికి పోకుండా కడుపునొప్పి అని ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం అందరూ చేరారు. పత్రిక రాలేదని తెలిసి మొహాలు వేలాడేసుకున్నారు. అప్పుడు నేను లోపలికి వెళ్ళి, సంచిలోంచి పత్రిక లాగి, పావడాకు తుడిచి, అన్న పెట్టి వెళ్తే డబ్బాల వెనక పడిపోయిందంటూ తెచ్చి వదిన చేతిలో పెట్టాను. తడికి పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. అక్షరాలు కొద్దిగా ఉబ్బినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

వదిన పీట మీద కూర్చుంది. చదవడం మొదలుపెట్టింది. రెండో వరుసలోనే ఆగింది. గొంతు సవరించుకుంది. ఒక మాటను రెండుగా విరిచింది, మళ్ళీ అతికించబోయి పక్క మాటలో పడింది. నర్సమ్మ, డాక్టరు ఎవరి మాటలు ఎవరివో తెలియకుండా పోయాయి. చాటల మీద చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె ముఖానికి చెమట పట్టింది. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు చెరకు పానకం తాగినంత తియ్యగా ఉంది.

ఆమె అంటుకున్న పేజీని మెల్లగా ఊడదీసింది. లోపల ఒక తునికాకు ముక్క అతుక్కుని ఉంది. పచ్చగా, తడిగా, బొటనవేలంత ముక్క. దాన్ని చూసింది. తల ఎత్తి నన్ను చూసింది. ఆమె ఆ ముక్కను రెండు వేళ్ళతో తీసి ఎవరికీ కనిపించకుండా రవికెలో దోపుకుంది. “ఏందే, పత్రిక గింత తడిసింది?” అని బాపమ్మ అడిగింది. “నేనే, డబ్బాల కాడ తడి బిందె పెట్టిన” అంది వదిన.

బాపమ్మకు కోపం వచ్చింది. “గంత సదువుకున్నవ్, తడి బిందె యాడ పెట్టాల్నో తెల్వదా? వారమంతా దీని కోసమే కదా ఎదురుసూసుడు. లెవ్వు, సిన్నది సదువుతది.” పెళ్ళయి వచ్చిన తర్వాత ఆమెను బాపమ్మ గట్టిగా అనడం అదే మొదలు, అదీ పదిమంది ముందు. వదిన లేచింది. నేను పీట మీద కూర్చున్నాను. ఇత్తడి గిన్నె నా పక్కకు జరిగింది. నేను కోరుకున్నదంతా ఒక్క నిమిషంలో నా ముందుకు వచ్చేసింది.

చదవబోతే మొదటి వరుసలోనే ఆగిపోయాను. వదిన నా పాదాల దగ్గరే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆగిన చోటల్లా తల ఎత్తకుండా, పక్కవాళ్ళకు వినపడకుండా, తర్వాతి మాట అందించింది. ఆమెకూ ఆ పేజీ కొత్తే, పేజీ వైపు ఓరకంట చూస్తూ కూడబలుక్కుని చెప్తోంది. అరపేజీ దాకా అలా నడిపించింది. ఆ రోజు చెరకు ముక్క ఒక్కటి కూడా ముట్టుకోలేదు. గిన్నె అలాగే లోపల పెట్టేశాను.

వారమంతా ఆమె ఎప్పుడు బాపమ్మకు చెప్తుందా అని బిక్కుబిక్కుమంటూ గడిపాను. చెప్పలేదు. తర్వాతి శుక్రవారం పొద్దున్న మాత్రం నన్ను తట్టి లేపింది. “రా పిల్లా, పొయ్యి కాడికి” అంది. ఇక నా పని అయిపోయిందనుకుంటూ వెళ్ళాను. నీళ్ళ పొయ్యి ముందు రెండు ఇటుకలు వేసి ఉన్నాయి, ఒకటి ఆమెకు, ఒకటి నాకు. పత్రిక నా మోకాళ్ళ మీద పెట్టింది. రవికెలోంచి ఆ తునికాకు ముక్క తీసింది. అది ఎండి, గోధుమ రంగుకు తిరిగి, అంచులు తిన్నగా కత్తిరించి ఉంది. “వేలు పెట్టకు, వేలు మాట మాట కాడ ఆగుతది. ఇది వరుస కింద పెట్టి జరుపుకుంట పో” అంది. అంతకు మించి ఆ ముక్క గురించి ఆమె ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపొచ్చింది, పొయ్యి పొగ మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

ఒకటోసారి తప్పులు తెలుసుకునేందుకు చదవమంది. రెండోసారి సంగతి ఏమిటో తెలుసుకునేందుకు. మూడోసారి వినేవాళ్ళ కోసం. నాలో ఇంకా కాస్త విషం మిగిలే ఉంది కాబట్టి, ఇలా ముందే చదువుకోవడం దొంగతనం కాదా అని అడిగాను. ఆమె తలుపులోంచి లోపల మూలనున్న గోనెసంచి వైపు చూసింది. “బాపమ్మ ఎండుటాకు చుడ్తదా? చుడితే ఇర్గిపోతది. నానబెట్టినంకనే కదా చుట్టేది. గిదీ గంతే.” పొయ్యిలో కట్టె ఎగదోస్తూ అంది, “నానబెట్టేది సదువును పిల్లా. పత్రికను కాదు.” నేను తల దించుకున్నాను. ఆమె నవ్వు ఆపుకుంటోందని గాజుల చప్పుడును బట్టి తెలిసింది.

అప్పుడే తన సంగతి కూడా చెప్పింది. హాస్టల్లో ఆమె చదవడానికి లేస్తే పిల్లలందరూ ముందే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళట. ఎనిమిదో తరగతితో చదువు ఆపిందీ అందుకేనట. మా ఇంటికి వచ్చాక, ఆ వసారాలో మొదటిసారి ఎవరూ నవ్వకుండా విన్నారట. నాకు జ్వరం వచ్చిన రోజు కూడా, నేను నిద్రపోతున్నప్పుడు పత్రిక తీసుకుని నాలుగుసార్లు చదువుకున్నాకే తాను చదువుతానని అందట. ఆ పీట మీద ప్రాణం పెట్టుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

మూడుసార్లు చదివాక కూడా నాకు మాట తర్వాత మాటగానే వస్తోంది, వాక్యంగా రావడం లేదు. ఆ మధ్యాహ్నం వదిన బాపమ్మ చేతులు చూడమంది. బాపమ్మ వేళ్ళు ఒక బీడీ చుడుతున్నాయి, కానీ ఆమె కన్ను దాని మీద లేదు. చాటలో తర్వాత తీయాల్సిన ఆకు మీద ఉంది. చేతిలో ఉన్నదాని సంగతి చేయి చూసుకుంటోంది. “నోట్ల ఉన్న మాటను నోరు సూసుకుంటది. నువ్వు ముందటి మాట సూడు” అని వదిన నా చెవిలో చెప్పింది. నాకది పట్టుబడడానికి చాలా శుక్రవారాలు పట్టింది. మొదట్లో ముందు మాట చూడబోయి నోట్లో మాట మర్చిపోయేదాన్ని. సీజన్ ముగిసి ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరస పలచబడే నాటికి, ఒక పేజీ ఆమె, ఒక పేజీ నేను చదివేవాళ్ళం.

నేను మొదటిసారి ఒక పేజీ తడబడకుండా చదివిన రోజు, బాపమ్మ తల ఎత్తి నన్ను చూస్తుందని ఎదురుచూశాను. చూడలేదు. ఆకు తీస్తోంది, తంబాకు పోస్తోంది, చుడుతోంది, దారం కడుతోంది. ఎవరి చేయీ ఆగలేదు. నాకు ఉక్రోషం వచ్చింది. పీట దిగి వదిన చెవిలో ఎవరూ పట్టించుకోలేదన్నాను. “తల ఎత్తలేదంటే మంచిగ సదివినవన్నట్టు. చేతులు ఆగినయంటేనే పరేషాన్ కావాలె” అంది. ఆ తర్వాత ఆమె వంతు వచ్చింది. అదే కథ, నాకంటే ఎంతో బాగా చదివింది. నేను కిందే కూర్చుని విన్నాను. కడుపులో మంట ఉంది, లేదని అనను. కానీ ఆ మంటతోనే ఆమె ఎక్కడ గొంతు తగ్గిస్తోందో, ఎక్కడ ఊపిరి పీలుస్తోందో గుర్తుపెట్టుకున్నాను.

ఇదంతా జరిగి యాభై ఏళ్ళు దాటింది. బాపమ్మ లేదు, బాపు లేడు, అన్న లేడు. ఫ్యాక్టరీ సైరన్ వినపడక చాలా కాలమైంది. వదినకు డెబ్బై దాటాయి, కళ్ళు మసకబారాయి. నేను వీధి చివరనే ఉంటాను కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి పేపరో, పుస్తకమో చదివి వినిపిస్తాను. ఆమె మంచం మీద కూర్చుంటుంది, నేను పీట మీద. ఆ పొట్టి కాలి పీట కాదు, ప్లాస్టిక్‌ది. పొద్దున్న మా ఇంట్లో తలుపు వేసుకుని మూడుసార్లు చదువుకునే వెళ్తాను. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అయినా ఆ అలవాటు పోలేదు. ఎన్నిసార్లు చదువుకుని వచ్చావని వదిన అడిగితే, ఒక్కసారి కూడా చూడలేదని చెప్తాను. ఆమె నమ్మదు, నేనూ నమ్మించాలని చూడను. మొన్న ఆమె మనవరాలు ఫోన్ చూస్తూ ఒక కథ గడగడా చదివితే, “మా పోరి ఎంత మంచిగ సదువుతున్నదో సూడు” అని మురిసిపోయింది. అరవై దాటిన ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు చుర్రుమంది.

పోయిన శుక్రవారం చదువుతూ చదువుతూ మధ్యలో ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. ఆ రోజు పత్రిక గోనెసంచిలో పెట్టింది నేనే వదినా అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట నా నోటితో ఎప్పుడూ అనలేదు. ఆమెకు ఒక అలవాటుంది. వింటున్నప్పుడు ఒళ్ళో ఆకు లేకపోయినా బొటనవేలు, చూపుడువేలు చుడుతూనే ఉంటాయి. నేను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. అవి ఆగలేదు.

“ముందటి మాట సూడు” అంది.

కళ్ళు తుడుచుకుని, వరుస దొరకబుచ్చుకుని, మిగతా పేజీ చదివాను.